గంగమ్మ మార్కు తాడు

జాలరిపేటలో అర్జునరావుకి కోపం ముందు పుట్టి, అతను తరవాత పుట్టాడని అనేవాళ్ళు. ఆ మాట అన్నవాళ్ళలో సగంమంది అతని చేతి దెబ్బ తిన్నవాళ్ళే కాబట్టి కాస్త తగ్గించి తీసుకోవాలి. తమ్ముడి శవం ఒడ్డుకి కొట్టుకొచ్చిన పొద్దున మాత్రం ఆ మాటలో ఒక్క అక్షరం తగ్గించక్కర్లేదు.

తమ్ముడు ఎల్లారావు. ముందురోజు గాలి తిరగబడి అతని నావని యారాడ కొండ వైపు తోసుకుపోయింది. రాళ్ళకి తగలకుండా లంగరు వేశారు. లంగరు పట్టింది గానీ తాడు ఆగలేదు, పుటుక్కున తెగింది. నావ రాళ్ళ మీద పడి చెక్కలు చెక్కలుగా ఊడిపోయింది. మిగతావాళ్ళు బండల్ని కరుచుకుని బతికారు. ఎల్లారావుని మాత్రం కెరటం రాతికేసి కొట్టి, వెనక్కి లాగి, మళ్ళీ కొట్టింది. ఒడ్డుకి చేరేసరికి మొహమనేది మిగల్లేదు. మొలతాడు చూసి గుర్తుపట్టారు.

తల్లి పోతమ్మ ఇసకలో కూచుని కొడుకు తలని ఒళ్ళో పెట్టుకుంది. ఎక్కడ చెయ్యి వేసి నిమరాలో ఆవిడకి తెలియలేదు.

"నా కొడుకు మొగం కడసారి నాకు దక్కనేదు," అంది పెద్దకొడుకుతో. "ఆ తాడమ్మినోడి మొగం నాకు సూపించు. ఆడి మొగాన ఉమ్మేసినాకే నాను ముద్ద ముట్టుకుంతాను."

తెగిన తాడు గంగమ్మ మార్కుది. ఆ మార్కు సంగతి కొంచెం చెప్పాలి. తాడు కట్ట మీద అరచేయంత రంగుల కాగితం అంటించి ఉంటుంది. అందులో గంగమ్మ మొసలి మీద కూచుని, చేతిలో కలశంతో, నవ్వుతూ ఉంటుంది. అలాంటి బొమ్మ ఉన్న కట్టని పేటలో ఎవరూ ఒడ్డు మీద విప్పరు. బొమ్మకి పసుపు రాసి, బొట్టు పెట్టి, నావలో పెట్టుకుని, కెరటాలు దాటాకే విప్పుతారు. ముందే విప్పితే అమ్మవారి కొంగు లాగినట్టని నమ్మకం. అందువల్ల లోపల తాడెలా ఉందో ఒడ్డు మీద నిదానంగా చూసుకున్నవాడు పేటలో లేడు. ఆ కాగితాన్నైనా పారేయకూడదు, కాలు తగలనివ్వకూడదు. నీళ్ళతో తడిపి, చిరగకుండా ఊడదీసి, గుడిలో అప్పజెప్పాలి. గుడంటే ఇసకలో ఒక పాక. దాన్ని ఊడ్చి, దీపం పెట్టి, ఆ కాగితాలు కుండలో దాచేది పోతమ్మే.

ఎల్లారావు కొత్త తాడు విప్పింది మొన్ననే. దాని కాగితం కుండలో ఇంకా పైనే ఉంది. పోతమ్మ దాన్ని కళ్ళకద్దుకుని అర్జునరావు చేతిలో పెట్టింది. పేట మగవాళ్ళంతా తెడ్లూ కర్రలూ పట్టుకుని అతని వెనక బయల్దేరారు.

పాత ఊరి బజారులో తాళ్ళ కొట్టు చలమయ్యది. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. యాభై దాటాయి. పేటవాళ్ళు తాడు కొంటే కొసరుగా ఒక బార ఎక్కువే ఇస్తాడు. గుంపుని చూసి గుమాస్తాలు గోడ దూకారు గానీ ఆయన కదల్లేదు. తప్పు చేయనివాడికి ఉండే ధైర్యం అంత మంచిదేమీ కాదు, ఒక్కోసారి ఒళ్ళు హూనం చేస్తుంది.

"ఇది నీదేనేటి?" అని కాగితం మొహాన చాపాడు అర్జునరావు.

చలమయ్య దాన్ని వెలుగుకి పెట్టి చూశాడు. "బొమ్మ నాదే."

తాడు ముక్క బల్ల మీద పడేశాడు. చలమయ్య దాన్ని పురివిప్పి చూశాడు. పైన నైలాను పోగులు, లోపల కుళ్ళిన గోనె పీచు.

"తాడు నాది కాదయ్యా."

"బొమ్మ నీది, తాడు నీది కాదా?"

"కాదు, అబ్బాయ్. నా మాట కాస్త..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది. అర్జునరావు ఎడంచేత్తో ఆయన కుడిచేతిని బల్ల మీదికి లాగి నొక్కిపట్టి, తూకం రాయి ఎత్తి మోచేతి కింద మోదాడు. ఎముక విరిగిన చప్పుడు వీధిలోకి వినిపించింది. చలమయ్య అరవబోయి, ఊపిరందక, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. రెండో దెబ్బకి మణికట్టు చితికింది. ఈలోగా గుంపు కట్టలన్నీ రోడ్డు మీదికి ఈడ్చి కిరసనాయిలు పోసింది. నైలాను కరిగి నల్లగా కారుతుంటే బజారంతా ముక్కులు మూసుకుంది. పోలీసులు వచ్చి, చేతికి దొరికినవాణ్ణల్లా లాఠీలతో బాదారు. అర్జునరావు వీపు మీద ఒక లాఠీ విరిగింది. అతనికి ఆ సంగతి ఇంటికి వచ్చాక గానీ తెలియలేదు.

ఇంటి దగ్గర తమ్ముడి పెళ్ళాం తవిటమ్మ గోడకి చేరగిలబడి ఉంది. బావగారి చేతి మీద రక్తం చూసింది.

"ఎవుర్ని కొట్టినావు బావా?"

"సావుకార్ని. ఆడి సెయ్యి ఇరిసేసినాను."

తవిటమ్మ రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. "ఓలమ్మో! ఆ తాడు సావుకారి కొట్లోది కాదు బావా! సేపల రేవుకాడ ఎవుడో సవగ్గా ఇత్తన్నాడని కొన్నాడు మీ తమ్ముడు. గంగమ్మ బొమ్మే ఉంది గదా, ఎక్కడ కొంతే ఏటన్నాడు. నీకు సెప్తే తిడతావని సెప్పొద్దన్నాడు."

 అర్జునరావు బయటికి వెళ్ళి చేతి నెత్తురు ఇసకతో తోముకున్నాడు. కోపం వచ్చినప్పుడు కన్నూ మిన్నూ కానడు గానీ, దిగాక అన్నీ కనిపిస్తాయి అతనికి. చలమయ్య నోరు తెరుచుకుని ఊపిరి కోసం కొట్టుకున్న ఆ క్షణం ఇప్పుడు కళ్ళకి కట్టింది. ఇటు తల్లి చూస్తే పాకలో పచ్చి మంచినీళ్ళతో ఉంది. పక్కింటి గంగాలమ్మ గంజి పట్టుకెళ్తే గిన్నె విసిరికొట్టింది.

మర్నాడు తమ్ముడి అంత్యక్రియలు కాగానే ఒక వంజరం చేప పట్టుకుని చలమయ్య ఇంటికి వెళ్ళాడు. ఎముక విరగ్గొట్టినవాడి ఇంటికి చేప తీసుకెళ్ళడం ఏమిటని నవ్వకండి. క్షమించమని అడగడానికి అతనికి తెలిసిన మార్గం అదొక్కటే. తలుపు తీసింది చలమయ్య భార్య పద్మావతి. ఆవిడ చేపని చూసింది, మనిషిని చూసింది, చేపని లాక్కుని అదే చేపతో అతని చెంప మీద ఎడాపెడా వాయించి వీధిలోకి విసిరేసింది. అర్జునరావు కదలకుండా నిలబడి తిన్నాడు.

"రానియ్యవే," అన్నాడు చలమయ్య లోపల్నుంచి.

కుడిచేయి మొత్తం పిండికట్టు. మొహం పాలిపోయింది. అర్జునరావు గడప అవతలే కూలబడ్డాడు.

"నీ తాడు కాదంట సావుకారూ. నాను అడక్కుండా కొట్టినాను. నా సెయ్యి నువ్వు ఇరిసీ. కేసెట్టు. ఏటైనా సెయ్యి."

"కేసు పెడితే నువ్వు జైల్లో ఉంటావు, ఆ దొంగ తాడు అమ్ముడవుతూనే ఉంటుంది. ఇంకో నలుగురు చస్తారు. నా పేరు మీద చస్తారు. ద్వారకా నగర్ ప్లీడరుగారి చుట్టూ నిరుటి నుంచీ తిరుగుతున్నాను. ముందు దొంగెవడో చెప్పండి, అప్పుడు దావా వేద్దాం అంటాడాయన."

ఇక చలమయ్య తాతగారి కథ ఎత్తుకున్నాడు. ఆ ఇంట్లో అన్నప్రాశన నాడే చెప్పే కథ అది. తాతగారు తెల్లవాళ్ళ కాలంలో కాకినాడ రేవు నుంచి రంగూనుకీ, కొలంబోకీ, సింగపూరుకీ తాళ్ళు ఓడకెక్కించాడు. గంగమ్మ బొమ్మని ఆ రేవులన్నింటిలోనూ తన పేర రాయించుకున్నాడు. రంగూనులో ఎవడో అదే బొమ్మ అచ్చు వేయించి నాసి తాళ్ళు అమ్మితే, వాడి సరుకంతా రేవులోనే తగలబెట్టించి వాణ్ణి జైల్లో పెట్టించాడట.

"సముద్రం అవతల కూడా మా తాత మార్కుకి కాపుండేది. ఇవాళ నేను ఉన్న ఊళ్ళోనే వాడెవడో పట్టుకోలేకపోతున్నాను," అన్నాడు చలమయ్య.

తెల్లవాళ్ళకి మన తాళ్ళ మీద ప్రేమ కారిపోయిందని ఎవరూ అనుకోవద్దు. వాళ్ళ మిల్లు బట్టల మార్కులు కాపాడుకోడానికి వాళ్ళొక కంచె వేసుకున్నారు, ఆ కంచెలో తాతగారి మేక కూడా దూరి బతికింది. కానీ విరిగిన చేయి ఒళ్ళో పెట్టుకున్న మనిషికి ఈ చరిత్ర పాఠం చెప్పేవాడెవడు?

"నాకు వాడు కావాలి," అన్నాడు చలమయ్య. "ప్రాణాలతో కావాలి, అర్జునా. మీ పేట నడిబొడ్డున నిలబడి, నేనే దొంగతాడు చేశాను, షావుకారికి తెలియదని వాడి నోటితో వాడు చెప్పాలి. పోలీసులకీ అదే చెప్పాలి. నాకింకేమీ వద్దు."

"మాయమ్మక్కూడా ఆడు బతికే కావాల. మొగం సూడాలంతాది. తెత్తాను సావుకారూ. గంగమ్మ తోడు."

చేపల రేవులో తాళ్ళు అమ్మేవాణ్ణి పట్టుకోవడం కష్టం కాలేదు. తవిటమ్మ మొగుడి నోట విన్న గుర్తుల ప్రకారం వాడు చింపిరి జుట్టు మనిషి, రేవులో అడిగితే పేరు గురువులన్నారు. వాడు పరిగెత్తాడు. అర్జునరావు పడవల మధ్య తరిమి, ఐసు పెట్టెల మీద పడేసి, వాడి తలని కరిగిన ఐసునీళ్ళ తొట్టిలో ముంచాడు. వాడు తన్నుకున్నాడు. తీశాడు. "ఎవుడిత్తన్నాడు?" వాడు అమ్మ మీద ఒట్టేసి తెలియదన్నాడు. మళ్ళీ ముంచాడు. ఈసారి ఎక్కువసేపు. బయటికి లాగేసరికి వాడి ముక్కులోంచి నెత్తురూ నీళ్ళూ కలిసి కారుతున్నాయి.

"మల్కాపురం... దొరబాబు... రిఫైనరీ గోడెనక గొడౌను... నన్నొగ్గీ బావా, పిల్లలున్నోణ్ణి..."

"నా తమ్ముడికీ ఉన్నారు," అని వాణ్ణి చేపల పొట్టు మీదికి విసిరేశాడు అర్జునరావు.

ఆదివారం మధ్యాహ్నం పంటు పడవెక్కి, మల్కాపురం వెళ్ళడానికి రేవు కాలవ దాటారు అర్జునరావూ చలమయ్యా. చలమయ్యని ఇంట్లో ఉండమన్నా వినలేదు. తన మార్కు తన కళ్ళతో చూడాలన్నాడు. పంటు మీద ఆయన గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పాడు.

"ఆ రోజు నువ్వు తెచ్చిన కాగితం గుర్తుందా? అది నా కాగితమే. దొంగ అచ్చు కాదు. కానీ ఒకసారి తడిసి ఊడిన కాగితం. పాత పసుపు మరక మీద మళ్ళీ కొత్త పసుపు. ఒకసారి మీ పేటలో పూజ అయిపోయిన కాగితాన్ని వాడు మళ్ళీ తన కట్టకి అంటిస్తున్నాడు. అంటే మీ పేటలోంచే ఎవరో వాడికి అందిస్తున్నారు."

"పేటోడా?" అర్జునరావు పిడికిళ్ళు బిగుసుకున్నాయి. "ఆడెవుడో కూడా సెప్పిత్తాను. అన్నం తిన్న సేత్తోనే కొంప తీసినోణ్ణి ఊరికే ఒగ్గను. ముందు ఆడి పీక కొరికి ఆ తరవాతే ఈడి సంగతి."

పేటలో గుడి కాగితాలు చేర్చేదెవరో అతనికి తెలియక కాదు. తల్లి మీదికి ఆలోచన పోనే లేదు. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాడు కూడా కన్నతల్లి దగ్గర ఆగిపోతాడు.

గొడౌను తలుపు ఓరగా తీసి ఉంది. లోపల రేవు నుంచి పారేసిన ఓడతాళ్ళు గుట్టలుగా, కుళ్ళు వాసన కొడుతూ ఉన్నాయి. ఒక మూల గోనె పీచు, పక్కన నైలాను చుట్టలు. దొరబాబు ఒంటి మీద బనీనుతో కూచుని అన్నం తింటున్నాడు. బొద్దుగా, తెల్లగా, నుదుట వీభూది పెట్టుకుని పెద్దమనిషిలా ఉన్నాడు. అర్జునరావు వెనక చలమయ్యని చూడగానే విషయం అర్థమైపోయింది. అన్నం కంచం అర్జునరావు మొహానికి విసిరి, గోడకి తగిలించిన కొక్కెం అందుకున్నాడు. బస్తాలు లాగడానికి రేవు కూలీలు వాడే ఇనప కొక్కెం అది.

మొదటి విసురుకే అర్జునరావు భుజంలో దిగింది. దొరబాబు లాగాడు. కండ చీరుకుంటూ వచ్చింది. అర్జునరావు ఒక్క కేక పెట్టి, వెనక్కి పోకుండా ముందుకే పోయి, తలతో వాడి ముక్కు మీద గుద్దాడు. ఇద్దరూ తాళ్ళ గుట్ట మీద పడ్డారు. దొరబాబు బొటనవేలు కంట్లో పొడిచాడు, అర్జునరావు ఆ వేలు కొరికేశాడు. దొరికిన తాడు వాడి మెడకి చుట్టి బిగించి, నాలుక బయటికొచ్చేదాకా ఉంచి, అప్పుడు సడలించాడు. దొరబాబు బోర్లాపడి దగ్గుతూ, కక్కుతూ నేల గీరుకున్నాడు.

"చాలు, చాలు! చంపకు!" అని చలమయ్య అరుస్తున్నాడు.

మూలనున్న గంప మూత తీసింది ఆయనే. నిండా కాగితాలు. వందలకొద్దీ గంగమ్మలు, పసుపు మరకలతో, నవ్వుతూ. చలమయ్య ఎడంచేత్తో పిడికెడు తీసి చూసి ఏడ్చేశాడు. తాత రంగూనులో గెలిచిన మార్కు మల్కాపురంలో గోనె పీచుకి అంటుకుని ఉంది.

అర్జునరావు దొరబాబుని గోడకి కూలేసి, ఇనప కడ్డీ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "ఈ కాయితాలు ఎవుడిచ్చినాడు? పేరు సెప్పు."

దొరబాబు వగర్చాడు. ప్రాణం దక్కుతుందనే ఆశ వాడి కళ్ళలో మెరిసింది. "ఎవుడూ ఇవ్వలేదు బావా, కొనలేదు, దొంగతనం చెయ్యలేదు. అమ్మతోడు. గుడికాడ ముసిల్ది ఇచ్చింది."

"ఏ ముసిల్ది?"

"జాలరిపేటలో అమ్మోరి పాకకాడుంటాదే, పిచ్చి ముసిల్ది. గోదాట్లో కలిపేత్తానమ్మా అన్నాను, ఎత్తిచ్చేసింది. నన్ను గోదారి బాబూ అంటాది. పైసా తీసుకోదు సరికదా, ఎండుసేపలు మూటగట్టి ఇత్తాది. నా కాళ్ళకి దణ్ణం కూడా ఎడతాది." వాడు నెత్తుటి పళ్ళతో నవ్వబోయాడు. "మరి తప్పెవుడిది బావా? నన్నొక్కణ్ణి అంటే ఎలగ?"

 చలమయ్య చేతిలో కాగితాలు జారిపోయాయి. ఆ రోజు గుంపు వెనక పేట నుంచి వచ్చినవాళ్ళు, ఈ కాగితం గుడి కుండలోంచి అర్జునరావు తల్లే తీసి ఇచ్చిందని అరవడం ఆయన విన్నాడు. ఆయనకి అంతా తెలిసిపోయింది.

అర్జునరావు వంగి, చాలా మెల్లగా అడిగాడు. "ఆ ముసిల్దానికి నీ మొగం గుర్తుంతాదేటి?"

"ఎందుకుండదు? దూరాన్నించి సూత్తే సాలు, గోదారి బాబొచ్చినాడని పరిగెట్టుకొత్తాది."

తరవాత జరిగింది కోపంలో జరిగిందని కోర్టు నమ్మింది. పేటంతా నమ్మింది. అర్జునరావు సంగతి తెలిసినవాళ్ళెవరికీ అనుమానమే రాలేదు. కానీ ఆ మనిషి పుట్టాక కోపం లేకుండా చేయెత్తింది ఆ ఒక్కసారే. వీణ్ణి పేటకి తీసుకెళ్తే తల్లి పరిగెత్తుకొస్తుంది. ఉమ్మడానికి వచ్చిన నోటితో గోదారి బాబూ అని పిలుస్తుంది. కన్నకొడుకు మెడకి తాడు తనే అందించానని ఆ క్షణాన తెలుస్తుంది. శవమై వెళ్ళినా ఆ మొహం చూపించమంటుంది. ఈ లెక్కంతా అతను వేసుకున్నాడు. పాపం, జీవితంలో వేసిన లెక్క అదొక్కటే. కడ్డీ రెండు చేతుల్తో పట్టుకుని, సరిగ్గా మొహం మీద కొట్టాడు.

చలమయ్య పిచ్చెత్తినట్టు వచ్చి ఎడంచేత్తో అతని కాలు వాటేసుకున్నాడు. "వద్దురా! వాడు పోతే నన్నెవడు నమ్ముతాడురా! కాగితాలు నావేరా! నా మార్కురా!" అర్జునరావు ఆయన్ని ఈడ్చుకుంటూనే కొట్టాడు. విరిగిన చేయి నేలకి తగిలి చలమయ్య కెవ్వుమన్నా ఆగలేదు. కళ్ళు పోయాయి, ముక్కు పోయింది, దవడ జారిపోయింది. దొరబాబు కాళ్ళు కొట్టుకోవడం మానేశాక కూడా, కన్నతల్లి వచ్చినా పోల్చుకోలేదని నమ్మకం కలిగేదాకా కొట్టాడు.

అప్పుడు కడ్డీ పడేసి చలమయ్య కాళ్ళ మీద పడ్డాడు. నెత్తుటి చేతులు పంచెకంటుకుంటున్నాయి.

"నన్ను ఉరితీయించు సావుకారూ. నాను సంపినానని నువ్వే సెప్పు. ఆ ముసిల్ది మాటొక్కటే సెప్పకు. ఎవుళ్ళకీ సెప్పకు."

చలమయ్య ఆయాసపడుతూ అతని వంక చూశాడు.  చెప్పనని ఒట్టు మాత్రం వేయలేదు.

దొరబాబు శవాన్ని పెద్దాసుపత్రికి తెచ్చారని తెలిసి పోతమ్మ నడిచి వెళ్ళింది. బతిమాలి, డబాయించి, గుడ్డ తీయించింది. చూపించడానికి మొహం లేదు. ఉన్నదాని మీదే ఉమ్మింది. ఇంటికి వచ్చి తవిటమ్మ చేత అన్నం కలిపించుకుని కడుపునిండా తింది. నా పెద్దకొడుకు మగోడ్రా అని వీధంతా వినబడేలా చెప్పుకుంది.

కోర్టులో చలమయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. అర్జునరావే కొట్టాడు, నేను చూశాను, ఆపలేకపోయాను. మూతేసిన గంప బల్ల మీద పెట్టి సర్కారు ప్లీడరు అడిగాడు.

"ఈ కాగితాలు మీ కొట్టువేనా?"

"నావేనండి."

"దొంగ అచ్చు కాదు?"

"కాదండి. మా అసలు కాగితాలే."

"మీ అసలు కాగితాలు అతని దగ్గరికి ఎలా వచ్చాయి?"

కోర్టు కిక్కిరిసి ఉంది. జాలరిపేటలో సగం అక్కడే ఉంది. ముందు వరసలో నేల మీద పోతమ్మ కూచుని, షావుకారు ఏం చెప్తాడా అని నోరు తెరుచుకుని చూస్తోంది. ఒక్క మాట. ఆ ఒక్క మాట చెప్తే తాతగారి మార్కు నిలబడుతుంది. చలమయ్య పిండికట్టు తీసేసిన చేతిని, వంకరగా అతుక్కున్న చేతిని, రెండో చేత్తో పట్టుకున్నాడు. బోనులో అర్జునరావు తల్లి వంకే చూశాడు. కొక్కెం దిగిన భుజం కంటే ఎక్కువ నొప్పి పెట్టింది ఆ కాసేపు.

"తెలియదండి," అన్నాడు చలమయ్య.

గుంపులోంచి ఎవరో కాండ్రించి ఉమ్మారు. అసలు కాగితాలు గంపెడు దొంగ ఇంట్లో ఉంటే షావుకారికి తెలియదా? ఇద్దరూ వాటాదార్లే. గుట్టు బయటపడుతుందని వాణ్ణి అర్జునరావు చేత చంపించి నోరు నొక్కాడు. పేటలో అదే ఖాయమైంది. నీతి ఉన్నవాడికి దక్కే బహుమానం అంతే మరి, దానికి నేనేం చేయను? దర్జాగా తల ఎత్తుకు తిరిగే దొంగల్ని చూసి చూసి ఒళ్ళు మండుతుంది గానీ. గంగమ్మ మార్కు తాడు ఆ తరవాత ఎవరూ కొనలేదు. భీమిలి నుంచి పూడిమడక దాకా ఒక్క నావ ఎక్కలేదు. చలమయ్యా పద్మావతీ కొట్టు మూసేసి, బండిలో సామాను వేసుకుని కాకినాడ వైపు వెళ్ళిపోయారు. ఎవరూ సాగనంపలేదు.

అర్జునరావుకి యావజ్జీవం పడింది. రాజమండ్రి జైల్లో వేశారు.

ఆ మరుసటేడు పోతమ్మ పాసింజరు బండెక్కి ఒక్కతే చూడ్డానికి వచ్చింది. చంకలో పెద్ద మూట. వార్డర్లు విప్పి చూసి నవ్వి వదిలేశారు. ములాఖత్ ఊచల అవతల నిలబడి కొడుకుని తడుముకుంది. ఎల్లారావు పిల్లల సంగతి చెప్పింది. తవిటమ్మ చేపలమ్ముతోందని చెప్పింది. తరవాత మూట ఊచలకి ఆనించి గొంతు తగ్గించింది.

"ఒరే అర్జునా, ఈ ఊళ్ళో గోదారి బాబు ఇల్లెక్కడో నీకేటైనా తెలుసునేటి?"

అర్జునరావు మూట వంక చూశాడు.

"మంచోడ్రా ఆ బాబు. గంగమ్మ బొమ్మలు ఎవుడి కాలికిందా పడకుండా ఆ బాబే గోదాట్లో కలిపీవోడు. పైసా ఎరగడు. నీ తమ్ముడు పోనాక మరి రానేదు. ఆ మాయదారి సావుకారి బొమ్మ ఇంట్లో ఉంతే కీడని పేటోలంతా తెచ్చి పాకలో పడేసినారు. ఎలగైనా అమ్మోరి బొమ్మ గదరా, ఎక్కడ పారీను? ఆ బాబుకే ఇద్దారని మోసుకొచ్చినాను. పొద్దున్నించి రేవులన్నీ తిరిగినాను, ఎవుళ్ళూ ఎరగమంతన్నారు. రేపు మళ్ళీ అడుగుతాను."

ఈ ముసలిది ఊరంతా అడుగుతుంది. నుదుట వీభూది, బొద్దుగా, తెల్లగా అని ఆనవాళ్ళు చెప్తుంది. ఏదో ఒకరోజు ఎవడో ఒకడు, ఆ ఆనవాళ్ళు విని, ఓహో వాడా అంటాడు.

"అడక్కమ్మా," అన్నాడు. "ఆ బాబు సచ్చిపోనాడు. ఇక్కడోలు సెప్పుకుంతే ఇన్నాను."

 పోతమ్మ మూట జారవిడిచి, ఊచలు పట్టుకుని కిందికి కూలిపోయి, గుండెలు బాదుకుంటూ రాగం ఎత్తుకుంది. దరమాత్ముడా, నా బాబూ, నీ సేతులు సల్లన, నిన్నెవుడు పొట్టనెట్టుకున్నాడు నాయినా అని ఏడ్చింది. వార్డరు వచ్చి అరిచినా ఆగలేదు. కడుపున పుట్టినవాడు పోయినట్టే ఏడ్చింది. చివరికి కొంగుతో మొహం తుడుచుకుని, తలెత్తి కొడుకుని కోప్పడింది.

"రాయిలాగ నిలబడతావేట్రా? మనకింత సేసినోడు. ఆడి ఆత్మకి దణ్ణమెట్టు."

అర్జునరావు రెండు చేతులూ జోడించాడు.